మూడో లైను

బ్రాడీపేటలో వీధులకి పేర్లుండవు, లైన్లుంటాయి.
రెండో లైను, పదకొండో అడ్డరోడ్డు,
జిరాక్సు షాపు మీద మేడగది.
అక్కడే ప్రతి గురువారం సాయంత్రం
ఇరవైమందిమి ఒకే ఊపిరి పీల్చేవాళ్ళం.

అప్పట్లో అది తప్పు కాదు.

తర్వాత ఊపిరికి లెక్కలొచ్చాయి.
ఆరడుగులు. పద్నాలుగు రోజులు. తొంభై నాలుగు శాతం.
కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కూర్చుని
మిర్చి టిక్కీలు ఎన్నొచ్చాయో రాసుకుంటూ
మాస్కు వెనక పెదాలు కదిపేదాన్ని,
ఎవరికీ కనబడదు కదా అని.

ఫోన్లో కలిసి పాడదామన్నారు ఒకసారి.
సాంబ్రాజ్యం గారి పల్లవి వచ్చి నా చరణంలో పడింది.
ఇస్సాకు మాస్టారి హార్మోనియం
బావిలోంచి చేదతో తోడినట్టు వచ్చింది.
ఎవరింట్లోనో కుక్కరు మూడు కూతలు కూసింది.
అదొక్కటే తాళంలో ఉంది.
మళ్ళీ ఎవరం ఆ మాటెత్తలేదు.

రెండేళ్ళకి మేడ మీద తాళం తీశాం.
తుప్పు పట్టింది.
తలుపుదీ, మాదీ.

హార్మోనియం తిత్తిలో ఎలుక కాపురం పెట్టి
మా పాటల కాగితాలతోనే పక్క పరుచుకుంది.
"పోన్లెండి, ఎవరో ఒకరు వాడుకున్నారు" అన్నారు మాస్టారు.

పాడేవాళ్ళం పదిహేడుమందిమి తేలాం.
ఒకావిడ కూతురి దగ్గరికి నంద్యాల వెళ్ళిపోయింది.
ఖాసింబీకి జొరం తగ్గింది గాని గొంతు రాలేదు,
శ్రుతిపెట్టె పట్టుకుంటానని వచ్చింది.
దాని తిత్తి తెరుస్తూ మూస్తూ,
ఊపిరంతా చేతిలోకి మార్చుకుని.

వీరాస్వామి గారి సంగతి ఎవరూ అడగలేదు.
కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి.
ఉండేది మూడో లైను.
పాడేదీ మూడో లైనే.
ఏ పాటైనా సరే, రెండు పాదాలు పాడి మేం ఆగితే
అడుగునుంచి ఆయనొక్కడే లేచేవాడు,
పోయిన కరెంటు వచ్చినట్టు.

సాధనలో ఆ చోటు వచ్చినప్పుడల్లా
మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.
"అక్కడ నేను వాయించేస్తాలే."

మార్చి నెల. యార్డు నిండా కాయ.
మున్సిపల్ స్కూలు ఆవరణలో షామియానా,
నూటయాభై కుర్చీలు, సగం మంది.
కుర్చీల మధ్య ఎడం
ఎవరు పెట్టారో, అలవాటే పెట్టిందో.

మొదటి లైను దాటాం. రెండోదీ దాటాం.
ఆగాం.
ఆ ఆగినచోట
ఎవరో దగ్గారు.

ఒక్కసారే. పొడిదగ్గు.
ముందు వరసలో ఒకావిడ కొంగు ముక్కు మీదికి పోయింది.
ఎవరిదో చెయ్యి జేబులోకి పోయింది, పాత మాస్కు కోసం.
మాస్టారి వేళ్ళు మెట్ల మీదే ఉండిపోయాయి.

"మిరప ఘాటండీ బాబూ! యార్డు గాలి ఇటు తిరిగింది!"
తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుంటున్నాడు
చివరి వరసలో ఒక హమాలీ.
పక్కాయన తుమ్మాడు.
మా వరసలో సుగుణ అందుకుంది. తర్వాత నేను.
గుంటూరు దగ్గు.
మా నాయనమ్మ దగ్గిన దగ్గు.
ఎవర్నీ దూరం జరగమనని దగ్గు.
షామియానా అంతా నవ్వులే.

మూడో లైను ఎవరం పాడలేదు.
మాస్టారూ వాయించలేదు.
ఖాసింబీ మాత్రం శ్రుతి వదల్లేదు.
నవ్వు ఆరేదాకా ఆ సన్నటి మూలుగు పట్టుకుని నిలబడి
నాలుగో లైనులో తేలాం,
కళ్ళనిండా నీళ్ళతో.
ఘాటు వల్లే అని చెప్పుకోవచ్చు.

ఇంటికి మూడో లైను మీదుగా వెళ్ళాను.
నా దారి కాదది.
ఆయన గేటు ఎదురుగా స్తంభం మీద
ట్రాన్స్‌ఫార్మరు అడుగు స్థాయిలో మోగుతోంది.
కాసేపు నిలబడ్డాను.
నోరు బార్లా తెరిచి గాలి పీల్చుకుని
గట్టిగా, భయం లేకుండా
దగ్గాను.