ఐదు నిమిషాల ఎరుపు

మే నెలలో పడవలతో పాటే వస్తారు
మిలాన్ నుంచి, మ్యూనిక్ నుంచి, నా కొట్టుకి.
అల్గేరోలో గడియారాలు విప్పేది ఇప్పుడు నేనొక్కదాన్నే.
ఒకాయనకి నీలం రింగు తీసి ఆకుపచ్చ పెట్టాలి,
తెరచాప రంగుకి జోడీగా.
ఒకావిడకి డయల్ నారింజ, ముళ్ళు తెలుపు,
పట్టీ మాత్రం కుక్కపిల్ల మెడపట్టీ రంగు.
మూడొందల మీటర్ల లోతుకని పుట్టిన వస్తువు
వాళ్ళ మణికట్టు మీద
నిమ్మసోడా గ్లాసు దాటి దిగదు.
నాకేం?
పట్టకారుతో పాత ముల్లు లేపి కొత్తది కూర్చోబెడతాను,
ఊపిరి బిగబట్టి.
నా వృత్తిలో మునక అంతవరకే.

బకీజియో వచ్చింది అక్టోబరులో,
బయటి కుర్చీలు లోపల పెట్టేశాక.
డెబ్బై మూడేళ్ళు. కుడి చెవి సముద్రం తీసుకుంది.
బల్ల మీద పెట్టిన గడియారం
ఒక ఎండాకాలపు పగడాలన్నీ అమ్మి కొన్నదట.
గాజు నిండా గీతలు. అంచున ఉప్పు,
గోరుతో గీకితే రాలింది.

"రింగు మీద రంగు వెయ్యాలి.
పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా. ఎరుపు."
అందరూ మొదటి పావుగంటకి వేయించుకుంటారన్నాను.
"అందరిదీ వేరు."
అసలు రంగు మారిస్తే విలువ పడిపోతుందన్నాను.
"పడనీ. తొంభై మీటర్లు పడి లేచాను నేను."
చొక్కా జేబులోంచి తీసి
శనగగింజంత పగడపు ముక్క పెట్టాడు.
"ఇదీ రంగు. నీ అట్టలో ఉన్నవి కాదు."

నాలుగుసార్లు కలిపాను.
మొదటిది టమాటా. రెండోది పెదవి రంగు.
మూడోది ఇటుక.
నాలుగోదానికి చిటికెడు పసుపు, సూదిమొనంత నలుపు.
పక్కపక్కన పెడితే
ఏది ముక్కో ఏది చుక్కో తెలియలేదు.

ఆ రింగు ఒకవైపే తిరుగుతుంది, నూట ఇరవై టిక్కులు.
ఏ రాయికో తగిలి జారినా
గాలి ఇంకా ఉందని అబద్ధం చెప్పకూడదని
అలా చేశారు.
తగ్గించి చెబుతుంది గానీ పెంచి చెప్పదు.
అంత నిజాయితీ గల చుట్టం నాకొక్కరూ లేరు.

ఐదు నిమిషాల సంగతి అడగలేదు.
ఊళ్ళో అందరికీ కొంచెం కొంచెం తెలుసు:
ఒకే పడవలో వెళ్ళిన ఇద్దరు,
పైకొచ్చింది ఒక్కరి బుడగలు.
అంతియోకో సుత్తి మాత్రం రెండేళ్ళకి ఎవరి వలలోనో పడింది.
ఇందులో సగం వైన్ చెప్పిన మాట.

తీసుకుపోవడానికి వచ్చిన రోజు వాన.
అలవాటుకొద్దీ దీపం ఆర్పాను,
పచ్చ మెరుపు పట్టిందో లేదో చూద్దామని.
నిమిషానికొక చుక్క చొప్పున
రింగు చుట్టూ లేచాయి,
పద్దెనిమిది దగ్గర ఆగాయి.
ఇరవై మూడు దాటాక మళ్ళీ మొదలయ్యాయి.
మధ్యలో నలుపు.
తప్పు నాదే. మెరిసే చుక్కల మీదే పూసేశాను.
"ఇటివ్వండి, మళ్ళీ చేసిస్తాను."

చాలాసేపు వానే మాట్లాడింది.
"కింద పగడం ఎర్రగా ఉండదమ్మా," అన్నాడు.
"నాలుగు బారలు దిగేసరికి నీళ్ళు ఎరుపుని తినేస్తాయి.
లాంతరు వేసేదాకా అన్నీ నల్ల కొమ్మలే.
ఆ రోజు నా లాంతరు..."
మిగతాది గోడవైపు తిరిగి
నాకు వినపడకుండా చెప్పుకున్నాడు.

దీపం వేశాను. ఎరుపు వచ్చింది.
ఆర్పమన్నాడు. ఆర్పాను.
మళ్ళీ వెయ్యమన్నాడు.
అలా ఎన్నిసార్లో,
ఎదురు రొట్టెల కొట్టామె
కరెంటు పోయిందా అని కేకేసేదాకా.

కూలి ఎంతన్నాడు. చెప్పాను.
రెండు యూరోలు తగ్గించి ఇచ్చాడు.
పగడపు ముక్క బల్ల మీదే ఉండిపోయింది,
మరిచాడో, వదిలాడో.
సొరుగులో వేశాను.
మే నెలలో ఎవరైనా ఎరుపు కావాలంటే
అట్టలో ఉన్నవే చూపిస్తాను.