ఏడూ, పంతొమ్మిదీ

కెరిచో కొండల్లో తేయాకు ఫ్యాక్టరీ.
రాత్రి పదీ నలభై. వాన.
కాటా ముందు ఏడు లారీలు
ఇంజన్లు ఆపుకుని నిలబడ్డాయి.

"తెర బిగుసుకుపోయింది, చెలంగాత్," ఫోన్లో రొనో.
"అంకె కదలడం లేదు.
తూకం ఎక్కందే ఆకు దించం,
ఆకు దించకపోతే..."
తెలుసు.
కోసిన ఆకు కుప్పలో ఊరికే పడి ఉండదు.
లోలోపల వేడెక్కుతుంది,
తెల్లారేలోగా ఎర్రబడుతుంది,
ఎర్రబడ్డ ఆకుని ఎవరూ కొనరు.

మెట్ల కింద గది. ఒకప్పుడు గోనెసంచులు పెట్టేవాళ్ళు.
ఇప్పుడు ఇరవైనాలుగు పోర్టుల స్విచ్ ఒకటి,
దాని మీద వేలితో రాయగలిగేంత తేయాకు నూగు.
తలుపు తీస్తూనే చూశాను,
దీపాలన్నీ ఒక్కసారే.
ఒంట్లో బాగున్నప్పుడు అవి
సంతలో ఆడవాళ్ళలా మాట్లాడుకుంటాయి,
ఒకరు ఆగితే ఇంకొకరు, మధ్యలో నవ్వు.
ఇవాళ అందరూ ఒకే మాట
ఊపిరి తీయకుండా అరుస్తున్నారు.

ముందు మామూలు అనుమానాలు.
కరెంటు ఉంది. ఫ్యాను తిరుగుతోంది.
చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది, కాలేంత కాదు.
కన్సోల్ వైరు గుచ్చి పలకరిస్తే
ఒక్కో అక్షరం జ్వరంలో మూలుగులా వచ్చింది.
ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు రొనో.
వేశాను.
రెండు నిమిషాలు బుద్ధిగా కూర్చుంది,
మూడో నిమిషంలో మళ్ళీ పూనకం.

లాగ్ తెరిచాను.
మూడో పోర్టులో ఉండాల్సిన కాటా
ఏడులో ఉన్నానంటుంది,
మరుక్షణం పంతొమ్మిదిలో,
మళ్ళీ ఏడులో.
ఒకే మనిషి రెండు గుమ్మాల్లోంచి
ఒకేసారి ఇంట్లోకి వస్తున్నాడంటే
వాడు దయ్యమైనా అయ్యుండాలి,
లేదా ఇంట్లోంచి వెళ్ళిన దారి
ఊరు చూడకుండానే ఇంట్లోకే తిరిగొచ్చి ఉండాలి.

ఏడులోంచి బయల్దేరిన వైరుని
వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను.
బల్ల వెనక, చీపురు పక్కన, గోడ వారగా,
మూడు చోట్ల సంచులు కుట్టే పసుపు దారంతో
ఎవరో శ్రద్ధగా కట్టారు, ముడి మీద ముడి.
పంతొమ్మిది దగ్గర ఆగాయి వేళ్ళు.

పీకాను.

నిశ్శబ్దమేమీ రాలేదు.
ఒక దీపం, ఆగి ఇంకో దీపం.
పైనుంచి రొనో కేక: "కదిలింది!"
మొదటి లారీ గేరు మార్చిన చప్పుడు.

తలుపు దగ్గర రాత్రి కాపలా అరాప్ మోసొనిక్,
టోపీ చేతుల్లో, టోపీలోంచి నీళ్ళు.
"సాయంత్రం ఊడుస్తుంటే ఒక కొస నేల మీద పడి ఉందమ్మా.
ఎవరి కాలికైనా తగిలి పడతారని
ఖాళీగా ఉన్న బొక్కలో పెట్టాను.
టిక్కుమంది. సరిగ్గా కూర్చుందనుకున్నా."

ఇలాంటి సుడిని పసిగట్టే కాపలా
స్విచ్‌లోనూ ఒకటుంటుంది.
దారి చుట్టు తిరిగితే ఒక తలుపు మూసేస్తుంది.
మార్చి నెలలో దాన్ని తీసేసింది నేనే.
కాటా మేలుకోవడానికి ముప్పై సెకన్లా అని
డ్రైవర్లు గొణిగారు.
ఎవరితోనూ అనలేదు. ఎక్కడా రాయలేదు.

రిజిస్టర్లో "కారణం" అన్న గడి
అగ్గిపెట్టెంత.
"నా పేరు రాస్తావా?" అడిగాడు ముసలాయన.
టార్చి పట్టుకోమన్నాను.
రెండు ఆజ్ఞలు టైపు చేసి, కాపలాని లేపి,
కాటా వైరు ఒకసారి తీసి మళ్ళీ పెట్టాను.
మూడో పోర్టు దగ్గర దీపం నారింజ రంగుకి తిరిగింది.
ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.
టార్చి వెలుగు కొద్దిగా వణుకుతోంది.
ముప్పై సెకన్లు అంత పొడుగుంటాయని
నాకు అంతవరకు తెలియదు.
ఆకుపచ్చ.

గడిలో మార్చి నెల తేదీ రాశాను, కింద నా సంతకం.

చివరి లారీలో అడుగున ఆకు అప్పటికే ఎర్రబడింది.
పారతో పక్కకి తీస్తున్నారు.
అది ఎవరి తోటదో
చీటీ తిప్పి చూడలేదు.