మూడోవంతు రాత్రి

ఏడోరోజుకి పేరు కావాలి.
మేనమామవి, బడిపంతులువి, నువ్వే చూడాలని
లావుపాటి నిఘంటువు నా ఒళ్ళో పడేశారు.
అట్ట ఊడిపోయింది. చెదలు తిన్నంత మేరా
మాటలున్నాయి, అర్థాలు లేవు.

దోఆన్ లోయలో మా ఇళ్ళు మట్టివి.
వాన కోసం దువా చేస్తూనే
ఓరకంట పైకప్పు చూసుకుంటాం.

పోయినేడు పిల్లాడికి రఅద్ అని పెట్టాం. ఉరుము.
వాడి తండ్రి సల్మీన్ ఎంచిన పేరు.
వాడు పుట్టగానే పెట్టిన కేకకి
రేగుచెట్ల కింద తేనెపెట్టెలు కూడా
ఉలిక్కిపడ్డాయని చెప్పుకుని నవ్వాం.
పదకొండు రోజులు.
ఉరుమెప్పుడూ అంతే కదా
అన్నాడొకడు, ఓదార్పనుకుని.
వాడితో నాకు ఇప్పటికీ మాటల్లేవు.

ఈసారి చెల్లి షఫీఖా మంచమ్మీంచి
ఒక్కటే అడిగింది:
"చప్పుడు లేనిది చూడన్నా."

అరబీ మాటను వెతకాలంటే ముందు దాన్ని విప్పాలి,
మూడక్షరాలు మిగిలేదాకా.
దాల్. వావ్. మీమ్.
నిలవడం. ఉండిపోవడం.
ఆ వేరుకి పక్కపిలకలా, చిన్న అచ్చులో,
వావ్ కాస్తా యా అయిపోయి
దీమ:
ఉరుమూ మెరుపూ లేకుండా కురిసే వాన.
ముసురు.

ముసురంటే విసుక్కునే దేశాలున్నాయట.
మా అమ్మ బతుకులో అది నాలుగుసార్లొచ్చింది,
నాలుగింటికీ ఏ ఏడో చెబుతుంది,
ఏ గోడ కూలిందో కూడా.

కింద ఇంకో వరుస. వేలు పెట్టి చదివాను:
తక్కువలో తక్కువ
పగటిలో మూడోవంతు, లేదా రాత్రిలో మూడోవంతు
కురిస్తేనే ఆ పేరు.

షఫీఖా పెదాలు కదిలాయి. లెక్క వేస్తోంది.
సల్మీన్ గోడ పగుళ్ళు తడుముతూ
"మట్టిల్లు కదా" అన్నాడు.
కాసేపాగి,
"కరిగితే మళ్ళీ మెత్తుకుందాంలే."

మా అమ్మ పేరు ముజ్నా. వానమబ్బు.
ఎనభై ఏళ్ళలో ఆవిణ్ణి ఎవరూ ఆ అర్థం అడగలేదు.
పాప చెవిలో పేరు చెప్పి తలెత్తి
"ఇన్నాళ్ళకి కురిశానా" అంది,
ఎవరితోనో తెలీదు.

పేరైతే పెట్టాం.
ధీమా మాత్రం ఎవరికీ లేదు.
ఇషా నమాజు అయింది, దీపం తగ్గించారు,
పడుకున్నట్టు పడుకున్నాం అందరం,
చెవులు మాత్రం ఉయ్యాల దగ్గర.

మూడోవంతు రాత్రి గడిచింది.
పాప ఊపిరి
ఇంకా కురుస్తోంది.