చల్ల

నారిచ్‌లో జనవరి. నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తు ల్యాబ్‌లో
గాలి తగిలితే చచ్చిపోయే ప్రాణుల కోసం
గాలి లేని గాజుపెట్టె ఒకటి.
దాని రబ్బరు చేతుల్లోకి నా చేతులు దూర్చి
వారం నుంచీ నన్ను నేనే వెతుక్కుంటున్నాను.

తప్పు నాదే.
ఆరోగ్యవంతుల నమూనా ఒకటి తక్కువైందని
హేజెల్ అడిగితే
అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు.
నేను చెయ్యెత్తాను.
ఎత్తాక తెలిసింది, దేనికెత్తానో.

పేరు చెరిపేసి అరవై రెండు అని రాసుకున్నారు.
అరవై రెండు ఎవరో అందరికీ తెలుసు.
అరవై రెండు పప్పు ఎక్కువ తింటుందని కూడా.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
నాది గాజు పళ్ళెంలో పడింది.

వడపోసి, మళ్ళీ వడపోసి,
బాక్టీరియా దూరలేని రంధ్రంలోంచి
దూరి వచ్చినవాటినే మిగుల్చుకుని
గోరువెచ్చని అగర్‌లో కలిపి
గడ్డకట్టేలోగా పళ్ళెమంతా పరచాలి.
అట్టు పోసే మణికట్టు ఇక్కడ పనికొచ్చింది.

మూడు పళ్ళేలు ఉట్టి మబ్బు.
ఒకటి నేనే జారవిడిచాను.
ఐదోదాన్ని దీపానికెదురుగా పట్టుకుంటే
పొర మీద ఆవగింజంత మరక.

అన్నిటినీ చంపేస్తే చుక్క తేటగా ఉంటుంది.
ఇది మసక.
కొన్నిటిని తిని, కొన్నిటిని ఉండనిచ్చి,
తిన్నింటి వాసాలు లెక్కపెడుతుంది గానీ
ఇల్లు కూల్చదు.
ఎన్నేళ్ళుగా ఉందో.
నేను అలిగి అన్నం మానేసిన రాత్రులు
పాపం, దానికీ పస్తే.

ఎవరూ చూడని వైరస్‌కి
పేరు పెట్టే హక్కు దొరికించుకున్నవాళ్ళదట.
హేజెల్ ఒకదానికి తన కుక్క పేరు పెట్టింది,
ఫెమి ఫుట్‌బాల్ జట్టు పేరు.
ఫారంలో ఇంగ్లీషు అక్షరాలకే చోటు.
అందులో ళకారం పట్టదు, ఱ అసలే పట్టదు.
చల్ల అని రాశాను.
ఇన్నాళ్ళూ కడుపులో కదలకుండా కూర్చుంది కదా.

అంటే ఏమిటంది హేజెల్.
మజ్జిగ అన్నాను.
మజ్జిగకీ దీనికీ ఏమిటి సంబంధమంది.
మన మాటని ఇంగ్లీషులో పోసి చూశాను,
విరిగిపోయింది.

బస్సుకింకా పదకొండు నిమిషాలు.
కిటికీ అద్దంలో అరవై రెండు
కోటు తొడుక్కుంటోంది,
కొంచెం నెమ్మదిగా,
లోపలెవరో పడుకున్నట్టు.