డెబ్బై అయిదు సెంటీమీటర్లు

సెతూబల్ రేవు వెనక, చేపల డబ్బాల కార్ఖానాలో
గోడలు రేకు, కప్పు రేకు, బల్లలు రేకు.
ఇక్కడికి పాట రావడం
యజమాని రావడం కంటే అరుదు.

రేడియో గ్రసియెత్‌ది. పెళ్లికి ఎవరో ఇచ్చారట.
మొగుడు వెళ్లిపోయాడు, రేడియో మిగిలింది.
పొద్దున ఏడింటి నుంచీ అది
కాగే నూనెలో తడి చేపను వదిలినట్టు
చిటపటలాడుతూనే ఉంటుంది.
మధ్యలో ఒక్క మాట తేలుతుంది, "రేపు..." అని.
రేపేమిటో చెప్పదు.

తలా ఒక వైద్యం చేశారు.
ఇదలీన ఏరియల్‌కి ఫోర్కు కట్టింది.
ఎవరో వెండి కాగితం చుట్టారు.
కరెంటు పనివాణ్ణి కదా అని నన్ను పిలిచారు.
ట్యూబులైట్లు ఆర్పాను, బుసలో సగం వాటిదే.
చీకట్లో చేపల తలలు ఎలా కొయ్యమంటావన్నారు.
మళ్లీ వేశాను.

పాత టేబుల్ ల్యాంపు తీగ తెచ్చి
జంట పోగుల్ని చీల్చాను,
ఇటు డెబ్బై అయిదు, అటు డెబ్బై అయిదు.
చేతులు బార్లా చాపిన మనిషిలా
ఉన్న ఒక్క కిటికీ చెక్కకీ అంటించాను.
అప్పుడొచ్చింది గొంతు,
పక్క బల్ల మీద కూర్చున్నంత దగ్గరగా,
ఉల్లిపాయల ధర చెబుతూ.
ఉల్లిపాయల ధరకి చప్పట్లు కొట్టినవాళ్లను
నేను అప్పుడే చూడటం.

మూడు వారాలు బాగానే పలికింది.
నాలుగో సోమవారం మళ్లీ బుస.
తీగ తెగలేదు, అతుకు ఊడలేదు.
రోజంతా నిచ్చెన మీదే ఉన్నాను.
సాయంత్రం ఇదలీన చేతులు తుడుచుకుంటూ అంది:
"ఇవాళ జుల్మీర రాలేదు కదా."

జుల్మీర. లేబుళ్ల దగ్గర, ఆ కిటికీ కిందే
ముప్పయ్యొక్క ఏళ్లుగా నిలబడుతున్న మనిషి.
పాటలంటే గిట్టదు, తలనొప్పి అంటుంది.
మోకాలి ఆపరేషనుకి వెళ్లింది.
ఆ తడి ఏప్రన్, ఉప్పునీటి చేతులు,
రేకు బల్లకు ఆనిన నడుము,
వాటి మీదుగానే దిగి వచ్చేదన్నమాట
మేం విన్నదంతా.

ఆ చోట ఒక్కొక్కరం నిలబడి చూశాం.
గ్రసియెత్ పొడవు చాలలేదు.
నేను నిలబడితే ఏదో స్పెయిన్ స్టేషను పలికింది.
చివరికి నీళ్ల పీపా మీద ఉప్పు బస్తా పెట్టి
దానికి జుల్మీర ఏప్రన్ కట్టాం.
కొంచెం నయం.

పన్నెండో తారీఖున వస్తుందట.
అందాకా వార్తలు సగం సగం.
వచ్చాక ఆమెకి చెప్పాలా వద్దా
అన్నది ఇంకా తేలలేదు.
చెబితే పక్కకి జరుగుతుందేమోనని
గ్రసియెత్ భయం.