మునిగిందా, తేలిందా

రాత్రి ఒకటిన్నర.
మిర్యాలగూడ మిల్లు కాంటా మీద
వడ్ల లారీ బుసకొట్టి ఆగింది.
నకిరేకల్ నుంచి లింగస్వామి:
"తిన్నవా?"
ఎప్పుడో తిన్న. చల్లబడ్డ దొండకాయ.
"ఆక్టోపస్‌కు మూడు గుండెలట."
నారాయణపేట నఫీసా వెంటనే:
"ఒక్కదానికే గోలీలు కొనలేక సస్తున్న."
అచ్చంపేట డిపోల బాలకిష్టయ్య
ఏదీ నమ్మడు. బొటనవేలు మాత్రం ఎత్తుతడు.

ముగ్గురి మొఖాలూ నేను చూడలే.
లింగస్వామి అంటే ఒక ట్రాక్టర్ ఫొటో,
నఫీసా అంటే ఇటుకరంగు చీర అంచు.

మొన్న పెద్ద పంచాయితీ.
పచ్చ నిమ్మ నీళ్లల్ల మునుగుతదట,
పసుపుది తేలుతదట,
ఎక్కడో చదివి పెట్టిన.
నిమ్మ మార్కెట్ల పదేండ్లు బస్తాలు మోసినోడు
ఊకుంటడా?
"బకెట్ తెస్తున్న, ఆగుండ్రి."
అంతలనే నఫీసా
"అమ్మకు ఆయాసం, పాలమూరు దవాఖానకు పోతున్నం"
అని పెట్టి మాయమైంది.

నాలుగు రాత్రులు.
బకెట్ సంగతి ఎవ్వరూ ఎత్తలే.
ఏం రాయాలె? రాసి, చెరిపి, రాసి,
"తిన్నవా" అని ఒక్క మాట పంపిన.
అదీ ఒంటి టిక్కు మీదనే నిలబడ్డది.

ఐదోనాడు, రెండుంబావుకు:
"ఇంతకూ ఆ నిమ్మకాయ
మునిగిందా, తేలిందా?"

అమ్మ ఎట్లున్నదని ఎవ్వరం అడగలే.
లింగస్వామి ఉరికినట్టున్నడు,
ఫొటోల నీళ్లింకా కదులుతున్నయి.
నిమ్మకాయ అడుక్కూ పోలే, పైకీ రాలే.

బాలకిష్టయ్య మొట్టమొదటిసారి అక్షరాలు రాసిండు:
"నేను నమ్మ. మళ్లొకటి వెయ్యి."

బయట లారీవాడు హారన్ కొడుతున్నడు.
కొట్టనీ.