తిరిగిచ్చేటప్పుడు ఒక్క మాట

అంబాజీపేట శాఖా గ్రంథాలయంలో
నా కుర్చీ పక్కన మేకుకి వేలాడే నోటుబుక్కు
ఒకప్పుడు రేషన్ డీలరుది. సగమే వాడాడు.
ముందు పేజీల్లో కందిపప్పు, కిరసనాయిలు,
ఆ తర్వాత మనుషుల అభిప్రాయాలు.
పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఒక్క మాట రాయమంటాను.
కథలు పట్టుకెళ్ళేవాళ్ళు రాయరు,
ముక్కు తుడుచుకుని పోతారు.
ఈ మూల బీరువావాళ్ళే,
నిజాలు చదివేవాళ్ళే,
పెన్ను అడిగి మరీ తగువు పెట్టుకుంటారు.

కొబ్బరి సాగు మీద లావుపాటి పుస్తకం.
వాసంశెట్టి తాతాలు, దింపు తీస్తాడు,
కాయలు కాచిన చేత్తో ఒక్కో అక్షరం దించాడు:
"ఈ రాసినాయన చెట్టుని కిందనుంచే చూశాడండి.
పైన గాలి ఎటు తోస్తుందో ఒక్క ముక్క లేదు.
ఎరువుల సంగతి మాత్రం నిజం."

పాముల పుస్తకానికి నర్సు పెయ్యల సువార్తమ్మ:
"కట్లపాము బొమ్మ మరీ అందంగా వేశారు.
ఇలా వేస్తే పిల్లలు పట్టుకుంటారు."

మనశ్శాంతికి మార్గాలు చెప్పే పుస్తకం.
కొబ్బరికాయల కమీషన్ వ్యాపారి, పేరు రాయద్దన్నాడు:
"నాలుగో మార్గం దగ్గర నిద్రపట్టింది.
మళ్ళీ తీసుకెళ్తాను, ధర పడిపోయినప్పుడు."

ఒక మహానుభావుడి జీవితచరిత్ర, ఆరువందల పేజీలు.
బండారులంక నుంచి సైకిలు మీద వచ్చే చింతా హైమావతి
మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే చదివిందట.
పోగులు లెక్కపెట్టే అలవాటు ఆమెది:
"ఆయన భార్య పేరు రెండుసార్లు వచ్చింది."
కింద ఎవరో ఎర్ర సిరాతో:
"మూడు. పెళ్ళి, కాన్పు, చావు. సరిగ్గా చూడండి."
దాని కింద మళ్ళీ ఆమె:
"చావు దగ్గర శ్రీమతి అని ఉంది. అది పేరు కాదు."
ఎర్ర సిరా ఇంకేమీ అనలేదు.
ఆ పేజీ తిరగేసినప్పుడల్లా కాసేపు ఆగుతాను.
నా సంతకంలో ఇంటిపేరు మారి
పంతొమ్మిదేళ్ళు.

అన్నట్టు, నీళ్ళు కూడా చదివాయి.
కౌశిక పొంగిన ఏడు
రెండు రోజులు కింది అర దగ్గరే కూచుని
చట్టాలూ, చేపల పెంపకం, దేశ ఆర్థిక స్థితీ
అరవయ్యో పేజీ దాకా నానబెట్టి
బురదతో గీత గీసి వెళ్ళాయి.
పైనుంచి వచ్చిన ఆఫీసరు
"కొట్టివేయదగినవి" అని రాసి సంతకం పెట్టాడు.
అదీ ఒక అభిప్రాయమే.
డాబా మీద ఆరబెట్టి, ఉబ్బినవి ఉబ్బినట్టే సర్దాను.

గంటి పెదపూడి రేవులో నావ నడిపే ఓలేటి కొండలు
నోటుబుక్కులో కాదు, నదుల పుస్తకంలోనే,
గోదారి వరదల పేజీ అంచున, పెన్సిలుతో:
"లచ్చల క్యూసెక్కులన్నారు.
మా ఇంటికి ఎన్ని మెట్లో చెప్పలేదు."
అంచుల్లో రాయకూడదు. గోడ మీద బోర్డు ఉంది.
రబ్బరు తీశాను.
తీసి, మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

అల్లవరం అవతల రొయ్యల చెరువు కాపలావాడు
మల్లాడి ధర్మరాజు
నక్షత్రాల పుస్తకం పట్టుకెళ్ళి నాలుగు నెలలు.
మొన్న తెచ్చాడు, మేత సంచి ముక్కతో అట్ట వేసి.
తెరిస్తే ఉప్పు వాసన.
ఇన్నాళ్ళేంటయ్యా అంటే
"చదవడం వారంలో అయిపోయిందండి.
సరిచూడ్డానికే పట్టింది.
చెరువు లైట్లకి పైన ఏమీ కనపడదు.
కరెంటు పోతేనే ఆకాశం వస్తుంది,
అప్పుడే నేను జనరేటరుకి పరిగెత్తాలి.
ఆలస్యమైతే రొయ్య తేలిపోద్ది.
ఆ పరుగులో ఎన్ని చూడగలనండి?"

నోటుబుక్కు ఇచ్చాను.
పెన్ను కొస కొరికి కొరికి రాశాడు:
"పుస్తకం కరెక్టే. పదకొండు చూశాను.
మిగతావి వానలయ్యాక."

జరిమానా గడి ఖాళీగా వదిలేసి
అదే పుస్తకం మళ్ళీ
ఆయన కార్డు మీదే ఎక్కించాను.